దేశపటం మీద చుక్కలు ఎట్లా పడతాయి, ఏటూరునాగారం దాకా ఎందుకు రావు

మీరు అడిగింది ఇది: యువతకు శిక్షణ, కొలువులు, కౌన్సెలింగ్ ఇప్పించే ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థ ‘దేశమంతటా ఉన్నాం’ అంటోంది. దాని మ్యాపు తెరిస్తే తెలంగాణలో చుక్కలన్నీ హైదరాబాద్ చుట్టూనే ఉన్నాయి. ఉత్తరాన ఉన్నది ఒక్కటే, అదీ హన్మకొండలో. మీ ఊరు ములుగు జిల్లా ఏటూరునాగారం దగ్గర. మీ దిక్కు సెంటర్ ఎందుకు రాలేదు, రప్పించాలంటే ఏం చేయాలి?

పాత వరంగల్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో ఇలాంటి సంస్థల తరఫున జాగాలు వెతకడం, బ్యాచ్‌లు నింపడం, ఏడాది చివర ఫండర్‌కి, అంటే డబ్బిచ్చేవాళ్లకి, లెక్క అప్పజెప్పడం చాలాకాలం నా ఉద్యోగం. మంగపేట, వాజేడు, ఇటు ఉట్నూరు, సిర్పూర్, ఏ దిక్కు పోయినా మీటింగ్ అయిపోయే సమయానికి ఎవరో ఒకరు లేచి ఇదే అడిగేవాళ్లు: “సార్, మా దగ్గర ఎప్పుడు పెడ్తరు?” నేను ముందే చెప్పేస్తున్నాను, ఏటూరునాగారంలో సెంటర్ కావాలని అడక్కండి. అడిగినా రాదని కాదు. ఒకవేళ వచ్చినా మీరు అనుకున్నది అందులో దొరక్కపోవచ్చు. అడగాల్సింది వేరే ఉంది. అదేంటో చెప్పే ముందు ఈ చుక్కల సంగతి కొంత విప్పాలి.

ముందుగా, మ్యాపు మీద చుక్కలన్నీ ఒకే సైజులో ఉంటాయి కానీ నేల మీద అలా ఉండవు. ఒక చుక్క వెనక నూరు మంచాల హాస్టల్ ఉండొచ్చు. ఇంకో చుక్క వెనక మేడమీద ఒక గది, రెండు కుర్చీలు, వారానికి మూడు రోజులు వచ్చే డేటా ఎంట్రీ పిల్లాడు ఉండొచ్చు. వార్షిక నివేదికలో రెండూ ‘కేంద్రాలే’. ‘ఇన్ని జిల్లాల్లో పనిచేస్తున్నాం’ అన్న అంకెనైతే ఇంకా జాగ్రత్తగా చదవాలి. దానికి మన రాష్ట్రం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2014లో తెలంగాణ వచ్చినప్పుడు జిల్లాలు 10. 2016 దసరా నాడు అవి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. హన్మకొండలో ఒకే ఒక్క హాస్టల్ నడుపుతూ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, నర్సంపేట పిల్లల్ని చేర్చుకునే సంస్థ 2016 రిపోర్టులో ‘1 జిల్లా’ అని రాస్తే, మరుసటి ఏడు ఒక్క కుర్చీ కూడా జరపకుండా ‘5 జిల్లాలు’ అని రాసుకోవచ్చు. అందులో అబద్ధమేమీ లేదు. చదివేవాళ్లకే తిప్పలు.

పేర్ల గందరగోళం ఇంకొకటి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది, కోట ఉన్న ఖిలా వరంగల్ మండలం ఇటు నుంచి అటు మారింది. అంతకుముందు తయారైన జాబితాలో ‘వరంగల్’ అని ఉంటే అది పాత పెద్ద జిల్లానా, నగరమా, నర్సంపేట వైపా అన్నది ఢిల్లీలో కూర్చుని మ్యాపు గీసే అమ్మాయికి తెలిసే దారి లేదు. వడ్డేపల్లి చెరువు పక్కన ఉండాల్సిన చుక్క పరకాల పొలాల్లో పడ్డ మ్యాపులు నేను చూశాను. మ్యాపు మీద మీ దగ్గర చుక్క ఉందా లేదా అన్నదాన్ని బట్టి గట్టిగా ఏ నిర్ణయానికీ రావద్దనే ఇదంతా చెప్తున్నాను.

ఇక చుక్క పడే చోటుని నిర్ణయించేది మొట్టమొదట డబ్బు. ఈ సంస్థలకు వచ్చే సొమ్ములో పెద్ద వాటా కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు ఖర్చుపెట్టే డబ్బు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. అదే సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది: కంపెనీ పనిచేసే ప్రాంతానికీ దాని చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే, ఫ్యాక్టరీ పొగ పీల్చే ఊళ్లకు ఆ ఫ్యాక్టరీ లాభంలో కొంత చేరాలని. కానీ దాని ఫలితంగా డబ్బున్న చోటికే డబ్బు పోతుంది. దేశం మొత్తంలో సీఎస్‌ఆర్ సొమ్ము ఎక్కువ చేరేది మహారాష్ట్రకు. గుజరాత్, కర్ణాటక, తమిళనాడు కూడా ముందు వరసలోనే ఉంటాయి. ఈశాన్య రాష్ట్రాలకు దక్కేది చిల్లర. పిల్లలు ఎక్కువ ఉన్న యూపీ, బీహార్‌లకు జనాభాతో పోలిస్తే చాలా తక్కువ.

అదే లెక్క మన రాష్ట్రం లోపల వేసి చూడండి. హైదరాబాద్, దాని చుట్టూ ఉన్న ఫార్మా, ఐటీ కంపెనీలు ఒక దిక్కు. ఉత్తరాన డబ్బున్న గీత ఒక్కటే, గోదావరి వెంట ఉన్న బొగ్గు పట్టీ: రామగుండం ఎన్‌టీపీసీ, సింగరేణి గనులున్న గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి, ఇవతల భూపాలపల్లి. ఈ గీత మీద కుట్టు మిషన్ల శిక్షణ నుంచి పోలీసు ఉద్యోగాల కోచింగ్ దాకా ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. దాని నుంచి కొంచెం తూర్పుకు జరిగితే మీ మంగపేట మండలం కమలాపురం. అక్కడి రేయాన్స్ పల్పు ఫ్యాక్టరీలో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. అది నడిచి ఉంటే మీ వైపు కూడా ‘స్థానిక ప్రాంతం’ అయ్యేది, మీరు ఈ ప్రశ్న అడగాల్సిన పని ఉండేదో లేదో. ఫ్యాక్టరీ మూతపడితే కూలి ఒక్కటే పోదు, సీఎస్‌ఆర్ మ్యాపులోంచి ఊరి పేరు కూడా పోతుంది. ఈ రెండో నష్టం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

రెండో కారణం విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ. 2020 సెప్టెంబర్ సవరణకు ముందు ఒక పద్ధతి ఉండేది. ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ విరాళం తీసుకుని, అందులో కొంత ఉట్నూరులో ఉన్న చిన్న సంస్థకు ఇచ్చి పని చేయించేది. ఆ చిన్న సంస్థకు గోండి వచ్చు, గూడెం పెద్దలైన పటేళ్లు తెలుసు, వర్షాకాలంలో ఏ వాగు ఎప్పుడు దాటాలో తెలుసు. సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ కింద వచ్చిన సొమ్మును ఇంకో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా బంద్. పరిపాలన ఖర్చు పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంటే పెద్ద సంస్థ తన పేరు మీదే, తన మనుషులతోనే సెంటర్ నడపాలి, అదీ పర్యవేక్షణ ఖర్చు తగ్గించుకుంటూ. అలాంటప్పుడు ఏం చేస్తుంది? ఒక మేనేజర్ స్కూటర్ మీద తిరిగి చూసుకోగలిగేలా నాలుగు సెంటర్లు ఒకే నగరంలో పెట్టుకుంటుంది. ఈ ఒక్క సవరణతో మారుమూల చుక్కలు ఎన్ని చెరిగిపోయాయో బయటి జనానికి తెలియదు, ఈ రంగంలో ఉన్నవాళ్లకే తెలుసు.

మూడోది ఎవరూ కాగితం మీద రాయరు. రైలు. ఫండర్ తరఫున చూడడానికి వచ్చే ఆఫీసర్ సికింద్రాబాద్‌లో పొద్దున రైలెక్కితే రెండు రెండున్నర గంటల్లో కాజీపేటలో దిగుతాడు. పదకొండింటికి సెంటర్, పిల్లలతో ఫొటోలు, మధ్యాహ్నం భోజనం, వీలైతే వేయిస్తంభాల గుడి, రాత్రికి ఇంట్లో ఉంటాడు. హన్మకొండ దాటితే రాత్రి బస తప్పదు. ఏటూరునాగారం ఇంకో వంద కిలోమీటర్లు. ములుగు, భూపాలపల్లి రెండు జిల్లా కేంద్రాలకూ రైల్వే స్టేషన్ లేదు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే లైను మీద జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్, విజయవాడ లైను మీద మహబూబాబాద్. స్వచ్ఛంద సంస్థల ఆఫీసులు కూడా ఈ స్టేషన్ల వెంటే ఎందుకు ఉంటాయని అడిగితే సేవాభావం గురించి పెద్ద సమాధానం వస్తుంది. అసలు సంగతి టైంటేబుల్‌లో ఉంటుంది.

ట్రైనర్ల ముచ్చట కూడా దీనికి తగిలించే ఉంది. మీ దగ్గర సెంటర్ పెట్టారనుకుందాం. రిటైల్, కంప్యూటర్, ఎలక్ట్రికల్ చెప్పే ట్రైనర్ ఏటూరునాగారంలో కిరాయికి ఉండడు. భార్య హన్మకొండలో ప్రైవేటు స్కూల్ టీచర్, పిల్లలు అక్కడే చదువు. కొన్నాళ్లు పొద్దున బస్సుకి వస్తాడు. తర్వాత మూడింటికే బ్యాగు సర్దుకుని బస్టాండుకు పోతాడు. రెండో బ్యాచ్‌కల్లా వేరే ఉద్యోగం చూసుకుంటాడు. ఆ ఖాళీ నిండేదాకా పిల్లలు ఫోన్లలో వీడియోలు చూస్తూ కూర్చుంటారు, వాళ్ల అటెండెన్స్ మాత్రం పడుతూనే ఉంటుంది. నేను అతన్ని తప్పుపట్టను. వాళ్లకిచ్చే జీతానికి రెండు ఇళ్లు నడపలేరు.

ఇప్పుడు దీనికి పూర్తి ఎదురుగా ఉన్న పద్ధతి కూడా చూడాలి, ఎందుకంటే ‘అన్ని జిల్లాలకూ సమానంగా పంచితే సరిపోదా’ అని మీకు అనిపిస్తుంది. దేశం దాన్ని చేసి చూసింది. 1972లో, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా, కేంద్ర ప్రభుత్వం నెహ్రూ యువ కేంద్రాలు మొదలుపెట్టింది. 1987లో వాటన్నిటినీ ఒక సంఘటన్ కిందికి తెచ్చింది. జిల్లాకొకటి అన్న సూత్రం మీద అవి 600 దాటాయి. 2023 అక్టోబర్ చివర్లో వచ్చిన కేంద్రం యువజన వేదిక మై భారత్ ఇప్పుడు అదే బాటలో ఉంది. మ్యాపు మీద దీనికంటే అందమైన పంపిణీ ఇంకెక్కడా ఉండదు, ఒక్క మూల ఖాళీ లేదు. కానీ కిందికి దిగి చూస్తే జిల్లాకొక అధికారి, బ్లాకుకు ఇద్దరు వాలంటీర్లు, క్రీడా సామగ్రి, యువజన సంఘాల రిజిస్టర్లు. పరుచుకుంది కానీ పలచగా పరుచుకుంది. ప్రైవేటు సంస్థల పద్ధతి చిక్కగా ఉంటుంది కానీ ఒకే చోట ముద్దలా ఉంటుంది. రెండూ కావాలంటే డబ్బు చాలదు.

మధ్యస్థంగా నడిచిన మోడల్ ఒకటి ఉంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. 1982లో కర్ణాటకలో ధర్మస్థల దగ్గరి ఉజిరెలో రూడ్‌సెట్ పేరుతో స్వయం ఉపాధి శిక్షణ సంస్థ మొదలైంది. అక్కడే ఉంచి, తిండి పెట్టి, కొద్ది వారాల్లో ఒక పని నేర్పి, బ్యాంకు లోన్‌కి దారి చూపించి పంపేస్తారు. ఆ నమూనాతోనే తర్వాత జిల్లాకొకటి లెక్కన బ్యాంకుల ఆధ్వర్యంలో ఆర్‌సెటీలు (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు) వచ్చాయి. మనకు హసన్‌పర్తిలో ఎస్‌బీఐది ఉంది. అక్కడ పిల్లలు అక్కడే ఉండి నేర్చుకుంటారు కాబట్టి ఆ బిల్డింగ్ ఎక్కడుందన్నది పెద్ద విషయం కాదు. వాజేడు పిల్లాడికైనా ధర్మసాగర్ పిల్లాడికైనా అది ఒకే దూరం.

ఇంకోటి 1098, ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన ఫోన్ నంబర్. 1996లో ముంబైలో మొదలైన చైల్డ్‌లైన్ ఆఫీసులు పెట్టుకుంటూ పోలేదు, ఒక నంబర్ పెట్టింది. ఫోన్ వస్తే స్థానిక సంస్థ మనిషి కదలాలి. 2023లో అది ప్రభుత్వం చేతికి, జిల్లా బాలల రక్షణ విభాగాల కిందికి పోయింది, ఆ మార్పు మీద ఎవరి అభిప్రాయాలు వాళ్లకున్నాయి. కానీ చుక్క లేని చోటికి కూడా సేవ చేరొచ్చని అది చూపించింది. శాంతా సిన్హా నడిపించిన ఎం.వి. ఫౌండేషన్ కూడా బాలకార్మికుల్ని బడికి తేవడానికి పక్కా బిల్డింగులు కట్టుకుంటూ కూర్చోలేదు, అవసరమైన చోట బ్రిడ్జి క్యాంపులు పెట్టింది.

ఇక అసలు విషయం. ఏ సంస్థనైనా ‘మా ఊళ్లో సెంటర్ పెట్టండి’ అని అడిగే ముందు, ఆ సేవ కోసం పిల్లలు ఎంత దూరం వస్తారన్నది చూసుకోవాలి. సేవను బట్టి ఈ దూరం పూర్తిగా మారిపోతుంది.

ఉద్యోగ శిక్షణ తీసుకోండి. ఆతిథ్య రంగం, నర్సింగ్ సహాయకులు, సోలార్, వేర్‌హౌస్, టెక్స్‌టైల్ పని. వీటికి కొలువులున్నది హైదరాబాద్‌లో, లేకపోతే గీసుగొండ, సంగెం దగ్గరి మెగా టెక్స్‌టైల్ పార్కులో. శిక్షణ ఊళ్లోనే అయితే పిల్లాడు ఊరు వదలకుండా మూడు నెలలు నేర్చుకుని, కొలువు వచ్చాక మొదటిసారి ఊరు వదులుతాడు. వారంలో తిరిగొస్తాడు. తిండి పడదు, గది దొరకదు, ఇంటి మీద బెంగ. అదే హన్మకొండ హాస్టల్‌లో ఉండి నేర్చుకుంటే ఆ బెంగ శిక్షణలోనే తీరిపోతుంది, కొలువులో నిలబడతాడు. 2014 సెప్టెంబర్ 25న మొదలైన కేంద్ర ప్రభుత్వ శిక్షణ పథకం డీడీయూ-జీకేవై కింద పల్లె యువతకు హాస్టల్‌తో కూడిన శిక్షణ ఇవ్వడానికి కారణాల్లో ఇదొకటి. కాబట్టి ఈ సేవకి ఏటూరునాగారంలో సెంటర్ పెట్టినా మీ పిల్లలకు లాభం తక్కువ. మీకు కావాల్సింది హన్మకొండ హాస్టల్‌లో సీట్లు, వాటికి మీ మండలాల పేరు రాసి ఉండడం.

ఇది చెప్పగానే అమ్మాయిల సంగతేంటని అడుగుతారు. అడగాలి. మీ వైపు ఒక ఇంటికి పోయి అడ్మిషన్ గురించి మాట్లాడితే, కోర్సు ఏంటి, జీతమెంత అన్నవి నాలుగో, ఐదో ప్రశ్నలు. మొదటిది తల్లి అడుగుతుంది: “హాస్టల్ల ఆడ వార్డెన్ రాత్రి గూడ ఉంటదా, పొద్దుగాలే ఉంటదా?” రెండోది: “పండుగకు ఇంటికి పంపుతరా?” మూడోది: “మా పక్కూరి పిల్ల ఎవరన్న ఉన్నరా?” ఈ మూడింటికి జవాబు ఉంటే పంపుతారు, లేకపోతే పంపరు. మూడో దానికి జవాబు ఉండాలంటే ఒకే మండలం నుంచి ముగ్గురు నలుగుర్ని కలిపి చేర్చుకోవాలి, తలా ఒక ఊరి నుంచి ఏరితే కుదరదు. సెంటర్ దూరం కంటే ఇది ముఖ్యం.

రోజూ వచ్చిపోయే సేవలు వేరు. కంప్యూటర్ బేసిక్స్, స్పోకెన్ ఇంగ్లిష్, కానిస్టేబుల్, గ్రూప్స్ కోచింగ్. వీటికి బస్సులో ఒక వైపు గంట దాటితే నెల తిరక్కముందే సగం బ్యాచ్ పలచబడుతుంది. ఇది నేను చూసిన ప్రతి చోటా జరిగింది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక అమ్మాయిల విషయంలో లెక్క కొంత మారింది. చార్జీల కోసం ఆగిపోయేవాళ్లు ఇప్పుడు వస్తున్నారు. అయితే ఉచితమైనా బస్సే లేని గూడేనికి దాంతో ఒరిగేదేం లేదు. చివరి బస్సు ఎన్నింటికో చూడకుండా సాయంత్రం బ్యాచ్ పెట్టే కోఆర్డినేటర్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ సేవలకు మండల కేంద్రమే సరైన జాగా.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలతో చేసే పని మూడో రకం. బడి మానకుండా చూడడం, చిన్న వయసు పెళ్లిళ్లు ఆపడం, ఆటలు, లైబ్రరీ, మనసులో మాట చెప్పుకోవడానికి ఒక పెద్ద మనిషి. దీనికి నడిచిపోయే దూరమే దూరం. గూడెం దాటితే సేవ లేనట్టే. ఇక్కడ సెంటర్ అక్కర్లేదు, మనిషి కావాలి. కోయ వచ్చిన మనిషి, లేదా మహబూబాబాద్ తండాలైతే లంబాడీ మాట్లాడే మనిషి, ఉట్నూరు వైపైతే గోండి, కొలామీ. తెలుగు మాత్రమే వచ్చిన డిగ్రీ పిల్లాడిని పంపితే ఊరు మర్యాదగా చాయ్ పోసి పంపిస్తుంది, అంతే.

సీజన్ సంగతి రెండు మాటల్లో. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో, ఏప్రిల్, మే నెలల్లో తునికాకు తెంపేటప్పుడు మీ వైపు బ్యాచ్ మొదలుపెడితే సగం ఖాళీగా ఉంటుంది. మేడారం జాతర ఏడాదైతే మాఘ పౌర్ణమి చుట్టూ కొన్ని వారాలు అసలు ఏ పనీ పెట్టుకోవద్దు. వర్షాకాలం గురించి మీకు నేను చెప్పేదేముంది, 2023 జూలైలో జంపన్నవాగు వరద కొండాయి ఊరిని ఏం చేసిందో మీకే తెలుసు. అదే సమయంలో ఢిల్లీ ఆఫీసు ఆన్‌లైన్‌లో హాజరు ఎందుకు పడలేదని అడుగుతుంటుంది.

జనసాంద్రత అంకె కూడా ఒకసారి చూడండి, ఫండర్ ఏం చూస్తాడో అర్థమవుతుంది. 2011 లెక్కల్లో ఇప్పటి ములుగు జిల్లా ఊళ్లన్నీ కలిపి జనాభా మూడు లక్షల లోపు, విస్తీర్ణం సుమారు 4 వేల చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లలో 39 లక్షల మంది. జాతీయ యువజన విధానం ప్రకారం యువత అంటే 15 నుంచి 29 ఏళ్లవాళ్లు. దేశంలో వాళ్ల వాటా పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. ఆ లెక్కన ములుగులో సుమారు 80 వేల మంది. ‘ఒక్కో విద్యార్థికి ఖర్చెంత’ అన్న గడిలో మీ జిల్లా ఎప్పుడూ ఖరీదుగానే కనిపిస్తుంది. ఆ గడి నింపే పద్ధతి మారనంత కాలం న్యాయం గురించి ఎంత మాట్లాడినా గడిలో అంకె మారదు.

నాకు ఉత్తర తెలంగాణలో నాలుగు జాగాలు ఎంచుకోమని సంస్థ చెప్తే ఏం చేస్తానో చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. హాస్టల్ శిక్షణకు హన్మకొండ ఎట్లాగూ ఉంది, దాన్నే పెంచుతాను. రెండోది మంచిర్యాల. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, బెల్లంపల్లి పిల్లలకు రైలు ఉంది, లక్సెట్టిపేట, చెన్నూరు నుంచి బస్సులున్నాయి. జిల్లాల హద్దులు చూస్తే ఆసిఫాబాద్‌లో పెట్టాలనిపిస్తుంది, పిల్లల రాకపోకలు చూస్తే మంచిర్యాలే. మూడోది మహబూబాబాద్, తండాల కోసం, అక్కడా రైలుంది. నాలుగోది ఆదిలాబాద్ పట్టణం కాదు, ఉట్నూరు. ఆదిలాబాద్ పట్టణం నుంచి నాగ్‌పూర్ హైదరాబాద్ కంటే దగ్గర, రైలు కూడా మహారాష్ట్ర మీదుగానే పోతుంది. అక్కడి పిల్లలు ఎట్లాగూ అటు చూస్తారు. ఉట్నూరు చుట్టూ ఉన్న గూడేల పిల్లలకు ఎటూ లేదు. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ పోయే పిల్లలకు కావాల్సింది ఇంకో రకం పని: ఏజెంటు కాగితాలు చదివి చెప్పడం, పోయే ముందు శిక్షణ. దానికి ఈ రకం సంస్థ సరిపోదు.

మీ ఏటూరునాగారం ఈ నాలుగింట్లో లేదని బాధపడకండి. అక్కడ బిల్డింగ్ కొరత లేదు, అందుకే లేదు. ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో గిరిజన సంక్షేమ శాఖ కట్టించిన యువత శిక్షణ కేంద్రాలు ఉన్నాయి, అందరూ వైటీసీలు అంటారు. సంస్థకు కిరాయి కట్టే పని లేకుండా ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి (పీవో) ఒక హాలు ఇవ్వగలరు. అక్కడ లేనిది జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. ఒక పూర్తికాలం మొబిలైజర్, అంటే ఊరూరా తిరిగి పిల్లల్ని చేర్పించే మనిషి, కోయ వచ్చిన స్థానికుడో స్థానికురాలో, బండికి పెట్రోలు ఖర్చుతో సహా. మీరు అడగాల్సింది దీన్ని. దాంతోపాటు హన్మకొండ హాస్టల్‌లో ప్రతి బ్యాచ్‌లో ఏటూరునాగారం, కన్నాయిగూడెం, తాడ్వాయి, మంగపేట, వాజేడు, వెంకటాపురం మండలాలకు ఇన్ని సీట్లని రాసివ్వమని అడగండి.

అడిగే ముందు ఒక పని చేయండి. సంస్థ వార్షిక నివేదిక, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో దాని వివరాలు చూసి పెట్టుకోండి. తర్వాత హన్మకొండ సెంటర్‌కి స్వయంగా పోయి అడ్మిషన్ రిజిస్టర్ చూపించమనండి. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు అడక్కండి, అవి ఇవ్వకూడదు కూడా. ‘మండలం’ అన్న కాలమ్ మాత్రం అడగండి. నేను చూసిన రిజిస్టర్లలో చాలావరకు హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి, ధర్మసాగర్ అని వరసగా వస్తాయి, ఎక్కడో ఒక ములుగు, ఒక గోవిందరావుపేట. ఆ కాలమ్ ఒక్కటి ఒక పేజీ ఫొటో చాలు. ‘మీరు దేశమంతటా ఉన్నారు, మా ఆరు మండలాల నుంచి ఈ రెండేళ్లలో ఎంతమంది?’ అన్న ప్రశ్నకు ఏ ప్రోగ్రామ్ మేనేజరూ మ్యాపు చూపించి జవాబు చెప్పలేడు.

ఉత్తరం ఎవరికి? సంస్థ రాష్ట్ర ఆఫీసుకు ఒకటి, నకళ్లు ఐటీడీఏ పీవోకి, కలెక్టర్‌కి. 2018లో కేంద్రం ప్రకటించిన 112 ఆస్పిరేషనల్ (వెనకబడిన, ప్రత్యేక దృష్టి పెట్టాల్సిన) జిల్లాల్లో తెలంగాణ నుంచి మూడే ఉన్నాయి: ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, జయశంకర్ భూపాలపల్లి. అప్పటికి మీ ములుగు ఇంకా విడిపోలేదు, భూపాలపల్లిలోనే ఉంది. తర్వాత 2023లో బ్లాకుల వారీగా అదే పథకం వచ్చినప్పుడు కన్నాయిగూడెం అందులో చేరింది. ఈ వాక్యం ఉత్తరంలో రెండో పేరాలో ఉండాలి, ఎందుకంటే కంపెనీల సీఎస్‌ఆర్ కమిటీలకు ఈ జాబితాలో ఉన్న చోటికి డబ్బివ్వడం చెప్పుకోదగ్గ పని. ‘స్థానిక ప్రాంతం’ నిబంధనను కూడా వాళ్లు దాటలేని గోడగా చూడక్కర్లేదు, అది ప్రాధాన్యం మాత్రమేనని కంపెనీ వ్యవహారాల శాఖే చెప్పింది. సంస్థ వాళ్లు ‘మా ఫండర్ ఒప్పుకోరు’ అంటే ఈ మాట గుర్తుచేయండి. వాళ్ల దగ్గరా కుదరకపోతే వరంగల్‌లోనే పుట్టి 1991 నుంచి పనిచేస్తున్న బాలవికాస లాంటి సంస్థల్ని కూడా ఒకసారి కలవండి. వాళ్లు చేసే పనులు వేరు, కానీ మీ రోడ్లు వాళ్లకు తెలుసు.

తేదీ మరిచిపోవద్దు. కంపెనీల కొత్త ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, ప్రాజెక్టుల జాబితా అంతకుముందే ఖాయమైపోతుంది. మే నెలలో ఇచ్చిన వినతిపత్రం ఎంత బాగున్నా ఫైల్లో కూర్చుంటుంది. నవంబర్, డిసెంబర్‌లో ఇవ్వండి. ఉత్తరం రాశాక సంస్థ పేరు తీసేసి ఇక్కడ పెడితే నేనొకసారి చూసి చెప్తాను.